ముందు దిగిన విమానం వదిలిన సుడి

హనుమకొండ, ఆదివారం రాత్రి.

తిరుమల దర్శనం ముగించుకొని, అమ్మతో కలిసి ఉదయం రేణిగుంటలో ఏటీఆర్ అనే చిన్న విమానం ఎక్కాను. ఆ ప్రయాణంలో రాసుకోవలసింది చివరి రెండు మూడు నిమిషాల సంగతే. ఎక్కడా మబ్బు తునక లేదు, గాలి కూడా నిలకడగా ఉంది. శంషాబాద్ రన్‌వే వైపు దిగుతున్న విమానం ఉన్నట్టుండి ఎడమ పక్కకు ఒరిగిపోయింది. గతుకుల రోడ్డు మీద బస్సు ఎగిరినట్టు కాదు, ఎవరో ఒక రెక్కను పట్టుకొని కిందికి గుంజినట్టు ఉంది. అమ్మ ఒడిలోని లడ్డూల సంచి జారి నా పాదాల మీద పడింది. నాలుగైదు సెకన్లలో విమానం సర్దుకుంది గాని, నా మణికట్టు మీద అమ్మ వేళ్ల గుర్తులు బస్సెక్కేదాకా చెరగలేదు. ముందు దిగిన పెద్ద విమానం వదిలిన గాలి సుడి తగిలిందని పైలట్ తరువాత మైకులో చెప్పారు.

ఇరవై ఏళ్లుగా పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతున్నాను. రెక్క కింద పీడనం ఎక్కువ, పైన తక్కువ. అందువల్ల రెక్క కొసల దగ్గర గాలి కింది నుంచి పైకి పొర్లి, రెండు సుడులుగా చుట్టుకుంటూ వెనక సాగుతుంది. బరువైన విమానం నెమ్మదిగా ఎగిరే వేళల్లో ఆ సుడులు బలంగా ఉంటాయి. అవి నిమిషానికి 300 నుంచి 500 అడుగుల చొప్పున కిందికి జారుతూ, గాలి నెమ్మదిగా ఉన్న రోజున త్వరగా చెదిరిపోక నిలిచి ఉంటాయి. మాకు ప్రశాంతంగా కనిపించిన ఆ ఉదయమే వాటికి అనువైనది. పెద్ద విమానం వెనక ఏటీఆర్ వంటిది వచ్చేటప్పుడు సాధారణంగా 5 నాటికల్ మైళ్ల, అంటే 9 కిలోమీటర్లకు పైగా, ఎడం పాటించేది ఇందుకే. 2001 నవంబరు 12న న్యూయార్క్‌లో, ముందు వెళ్లిన బోయింగ్ 747 సుడిలో చిక్కిన ఎయిర్‌బస్ ఏ300 కూలి 265 మంది చనిపోయారు. అక్కడ తోకను విరిచింది సుడి కాదు, దాన్ని ఎదుర్కోబోయి రడ్డర్‌ను, అంటే తోక మీద నిలువుగా ఉండే కదిలే పలకను, అటూ ఇటూ మితిమీరి తిప్పడం. అది తలచుకున్నకొద్దీ, తొణకకుండా మమ్మల్ని దించిన ఆ పైలట్‌కు మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఉప్పల్‌లో ఎక్కిన బస్సు జనగామ దాటాక, ఒక లారీ దూసుకుపోగానే పక్కనున్న బైకు ఊగింది. మొదట రెండూ ఒకటేననిపించింది, కాని పోలిక సరిపోదు. లారీ గాలి లారీతోనే పోతుంది. విమానం సుడి మాత్రం, విమానం దిగి పక్కకు తప్పుకున్నాక కూడా దారిలో కాచుకొని ఉంటుంది.

"మన మామునూరుల ఎప్పుడు దిగుతది బిడ్డా విమానం?" అని అమ్మ అడిగింది. 1981 నుంచి మూతపడ్డ ఆ వరంగల్ విమానాశ్రయపు రన్‌వే మళ్లీ తెరుచుకోవాలని నాకూ గట్టి కోరిక. ఉదయం అంత బెదిరిన మనిషి మళ్లీ ఎక్కుతాననడం నాకు సంతోషం కలిగించింది.

సాయంత్రం అమ్మ దేవుని ముందు లడ్డూ పెట్టి అగరుబత్తి వెలిగించింది. నేను ఒక అట్టను కొద్దిగా వంచి పట్టుకొని, పొగ గుండా మెల్లగా జరిపాను. అట్ట అంచు దగ్గర పొగ చుట్టలు చుట్టుకుంది.

"దేవుని ముందట ఏం పనిరా అది?" అంది అమ్మ.

"పొద్దున మనల్ని వంచింది ఇదేనమ్మా" అన్నాను. అట్టను పక్కన పెట్టేశాక కూడా ఆ చుట్ట తిరుగుతూనే ఉంది. అమ్మ కళ్లద్దాలు సర్దుకొని, అది విడిపోయేదాకా చూసింది.