శబ్దం వచ్చినప్పుడే నొక్కండి

పోయిన ఆగస్టులో ఒక సోమవారం పొద్దున మా అబ్బాయి హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. ఎప్పటిలాగే కుడి చెవికి పెట్టుకుని హలో హలో అన్నాను, అవతల ఏమీ లేదు. సిగ్నల్ లేదేమో అనుకుని పెట్టేశాను. మళ్ళీ చేశాడు, మళ్ళీ అంతే. మూడోసారి స్పీకర్ పెడితే వాడు "నేను మాట్లాడుతూనే ఉన్నా కదమ్మా, ఊరికే హలో హలో అంటావేంటి" అని విసుక్కుంటున్నాడు. స్పీకర్ తీసేసి ఎడమ చెవికి పెట్టుకున్నాను, గొంతు మామూలుగా వచ్చింది. కుడి చెవికి మార్చాను, ఏమీ లేదు. లోపల మాత్రం కుక్కర్ విజిల్ వేసే ముందు సన్నగా సూయ్‌మంటుందే, ఆ చప్పుడు ఆగకుండా వస్తోంది.

రాత్రి పడుకునేటప్పుడు బాగానే ఉన్న చెవి అది. నొప్పి లేదు, చీము లేదు, జ్వరం లేదు. తలస్నానం చేసినప్పుడు నీళ్ళు పోయి ఉంటాయి, లేకపోతే గులిమి అనుకున్నాను. మెడికల్ షాపులో చుక్కల మందు తెచ్చి వేసుకున్నాను. మా అత్తయ్య గారు వెల్లుల్లి వేసి కాచిన నూనె పోస్తానన్నారు, పోయించుకున్నాను. (చెవిలో నూనె పోయకూడదని ఇప్పుడు అందరికీ చెప్తున్నాను, అప్పుడు నాకే తెలియదు.) స్కూల్లో యూనిట్ టెస్టుల పేపర్లు, ఆదివారం సండే స్కూల్ పిల్లల ప్రోగ్రామ్, ఇంట్లో హైదరాబాద్ ఫ్లాట్ గొడవ. ఇన్నిటి మధ్య చెవి సంగతి రేపు చూద్దాం, రేపు చూద్దాం అంటూ శుక్రవారం దాకా తెచ్చాను.

ఆ ఫ్లాట్ సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మేము ఒంగోలులో ఉంటాం. అబ్బాయి ఉద్యోగం హైదరాబాద్‌లో, కాబట్టి మియాపూర్ వైపు ఒక ఫ్లాట్ తీసుకుని అక్కడికే వెళ్ళిపోదామని ఏడాదిగా అనుకుంటున్నాం. ఇటు అద్దంకి దగ్గర పల్లెలో మా అమ్మ ఒక్కతే ఉంటుంది. వెళ్ళాలా, ఉండాలా? ఏడాదిగా ఇదే ప్రార్థన. డిసెంబర్ 31 రాత్రి చర్చి ఆరాధనలో, కొత్త ఏడాదికి ఒక బైబిలు వచనం రాసి ఉండే వాగ్దాన కార్డు తీస్తే నాకు యెషయా 30:21 వచ్చింది. "మీరు కుడి తట్టయినను ఎడమ తట్టయినను తిరిగినను ఇదే త్రోవ దీనిలో నడువుడి అని నీ వెనుకనుండి యొక శబ్దము నీ చెవులకు వినబడును." ఎంత సంతోషపడ్డానో! ఇంక దేవుడే చెప్తాడు అని ఆ కార్డు ఫ్రిజ్ మీద అంటించాను.

అప్పటినుంచి నేను చేసిందేమిటంటే, వెతుక్కోవడం. పొద్దున లేవగానే నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో "నేటి వాగ్దానం" చదివేదాన్ని. వంట చేస్తూ ఇయర్‌ఫోన్స్‌లో యూట్యూబ్ వాక్యం, అదీ టైమ్ లేదని వేగం పెంచి. ఎవరో ప్రసంగీకులు అబ్రాహాము సొంత ఊరు వదిలి చేసిన ప్రయాణం గురించి చెప్తే, ఇది నాకే! మర్నాడు ఇంకొకరు రూతు తన అత్త నయోమిని విడిచిపోలేదని చెప్తే, ఇదీ నాకే! మేము చూసిన ఫ్లాట్ నంబర్ 304. ఒక ఆదివారం చర్చిలో పాటల పుస్తకంలోని 304వ కీర్తన పాడించారు. నవ్వకండి, ఆ రోజు ఇంటికొచ్చి మా ఆయనతో అడ్వాన్స్ కట్టేద్దామండీ అన్నాను. ఆయన ఒక్క నిమిషం నా వైపు చూసి, "మొన్న ఆరో అంతస్తులో ఫ్లాట్ కూడా చూశాం కదా, ఆ నంబర్ పాట ఎప్పుడు పాడతారో కూడా చూద్దాం" అన్నారు. నాకు కోపం వచ్చింది. ఆయనకి ఆత్మీయత తక్కువ అనుకున్నాను.

సరే, చెవి. గురువారం రాత్రి అమ్మ ఫోన్ చేసింది. రెండు మాటలు అయ్యాయో లేదో, "ఏందమ్మాయ్ అట్టా అరుస్తన్నావు? నీకు చెవుడొచ్చిందా ఏంది? రేపే పోయి చూపించుకో, బడీ లేదు గిడీ లేదు" అంది. నేను అరుస్తున్నానని ఇంట్లో ఇద్దరికి తెలియలేదు, స్కూల్లో అరవై మంది పిల్లలకు తెలియలేదు, నలభై కిలోమీటర్ల అవతల ఫోన్‌లో అమ్మకు తెలిసింది.

ఈఎన్‌టీ డాక్టర్ గారు లైటు పెట్టి చూసి గులిమి లేదమ్మా, పొర కూడా శుభ్రంగా ఉంది అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన మొహం మాత్రం తేలిక పడలేదు. ఒక ఇనుప ఫోర్క్ లాంటిది తన మోచేతి మీద కొట్టి నా నుదుటి మధ్యలో ఆనించి, ఏ వైపు వినబడుతోంది అని అడిగారు. ఎడమ వైపు అన్నాను. గులిమి అడ్డు అయితే పాడైన చెవి వైపే ఎక్కువ వినబడాలట, బాగున్న వైపుకు పోయిందంటే దెబ్బ లోపలి చెవిలో, నరం దగ్గర అని చెప్పారు. వెంటనే ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, చేయించుకు రమ్మన్నారు.

గాజు తలుపున్న చిన్న గది. హెడ్‌ఫోన్ పెట్టి చేతిలో ఒక బటన్ ఇచ్చింది ఆ అమ్మాయి, ఇరవై మూడు ఇరవై నాలుగేళ్ళు ఉంటాయేమో. ఎంత సన్నగా వినబడినా నొక్కండి మేడం అంది. ముందు ఎడమ చెవి, అది తేలిగ్గా అయిపోయింది. తరువాత కుడి. లోపల సూయ్ చప్పుడు. అందులో ఏది బయటిదో ఏది నాదో తెలియదు. వస్తుందేమో అని నొక్కాను. వచ్చిందేమో అని నొక్కాను. ఇంతసేపు రాలేదంటే ఈపాటికి వచ్చే ఉంటుందని కూడా నొక్కాను, టీచర్‌ని కదా, పరీక్షలో ఖాళీ వదలడం అలవాటు లేదు. ఆ అమ్మాయి తలుపు తీసి లోపలికి వచ్చి, "మేడం, నేనింకా శబ్దం ఇవ్వనే లేదు. శబ్దం వచ్చినప్పుడే నొక్కండి. వినబడకపోతే ఊరికే ఉండండి, అది తప్పు కాదు" అంది.

అప్పటికి నాకు చిన్నతనంగా అనిపించింది, అంతే. ఆ మాట అసలు సంగతి తరువాత రాత్రుళ్ళలో తెలిసింది.

రిపోర్టులో కుడి చెవి 75 డెసిబుల్స్ దగ్గర ఉంది. 25 లోపు ఉంటే మామూలు వినికిడి. ఇలా మూడు రోజుల్లోపు ఉన్నట్టుండి చెవి పడిపోవడం ఉంటుందనీ, ఎక్కువమందికి కారణం దొరకదనీ, వైరస్ కావచ్చు రక్తప్రసరణ కావచ్చు అనీ చెప్పారు. "వారం దాటకుండా వచ్చారు, అదే మంచిది. రెండు వారాల్లోపు మందు పడితే ఆశ ఉంటుంది, మూడు నెలల తరువాత వస్తే మేమేమీ చేయలేం." పొద్దునే 60 మిల్లీగ్రాముల స్టెరాయిడ్, పది రోజులు, తరువాత మెల్లగా తగ్గించడం. నరం మీద గడ్డ ఏమన్నా ఉందేమోనని ఎమ్మారై. గడ్డ లేదు, దేవునికి స్తోత్రం.

వార్త పాకింది. మా పాస్టర్ గారు వచ్చి చెవి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, ఆమెన్ అనగానే మొదట అడిగిన మాట "టాబ్లెట్లు టైముకి వేసుకుంటున్నావామ్మా?" అని. ఆయన మీద నాకున్న గౌరవం రెండింతలైంది. కానీ వేరే ఊరి నుంచి ఒక సహోదరి ఫోన్ చేసి, నీ జీవితంలో ఒప్పుకోని పాపం ఉంది, దేవుడు నాకు చూపించాడు, ఆ మందులు ఆపి మూడు రోజులు ఉపవాసం ఉండు అంది. ఆమె గొంతులో ఎంత నమ్మకం ఉందంటే, ఆ పూట టాబ్లెట్ చేతిలో పట్టుకుని అరగంట కూర్చున్నాను. ఏడాదిగా నేను వింటున్న గొంతుల్లాగే ఉంది ఆమె గొంతు కూడా. తొందరపెడుతుంది, భయపెడుతుంది, "దేవుడు చెప్పాడు" అని ముద్ర వేస్తుంది. మా ఆయన నీళ్ళ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయారు. వేసుకున్నాను.

స్టెరాయిడ్ నిద్ర పోనివ్వదు. ఆకలి మాత్రం రాక్షసంగా వేస్తుంది, రాత్రి రెండింటికి పెరుగన్నం కలుపుకుని తిన్న రోజులున్నాయి, షుగర్ 210కి పోయింది, మొహం ఉబ్బింది. డాక్టర్ గారు ఇయర్‌ఫోన్స్ వద్దన్నారు కాబట్టి యూట్యూబ్ లేదు. గ్రూపులన్నీ మ్యూట్‌లో పెట్టాడు మా అబ్బాయి. ఇంక మిగిలింది నేను, చెవిలో సూయ్, వరండాలో కుర్చీ, బైబిలు.

మొదటి వారం ఏ స్వరమూ లేదు. నిజం చెప్తున్నాను. చర్చిలో చెప్పే సాక్ష్యాల్లో ఇలాంటి చోట ఒక వెలుగు వస్తుంది, నాకు దోమలు వచ్చాయి. ఒక రాత్రి బైబిల్లో మొదటి రాజులు 19వ అధ్యాయం తీశాను. ఏలీయా ప్రవక్త కథ సండే స్కూల్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. గాలి, భూకంపం, మెరుపు, వాటిలో యెహోవా లేడు, తరువాత "మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము". పిల్లలకు అక్కడితో ఆపేస్తాను, బొమ్మ రంగులు వేయిస్తాను. ఆ రాత్రి రెండు సంగతులు కళ్ళబడ్డాయి. ఒకటి, ఆ స్వరం కంటే ముందు, చచ్చిపోతే బాగుండు అని బదరీవృక్షం కింద పడుకున్న మనిషికి దేవుడు రెండుసార్లు అన్నం పెట్టి నిద్రపోనిచ్చాడు. రెండోది, ఆ స్వరం వచ్చాక ముందు అడిగిన మాట. ఎక్కడికి పొమ్మనో చెప్పలేదు, అది తరువాత. "ఏలీయా, ఇచ్చట నీవేమి చేయుచున్నావు?" అని అడిగాడు.

ఇచ్చట. నేను ఏడాదిగా అక్కడికి వెళ్ళనా వద్దా అని అడుగుతున్నాను. ఇక్కడ ఏం చేస్తున్నావని ఆయన అడుగుతుంటే జవాబు లేదు నా దగ్గర. అమ్మను చూసి ఎన్ని నెలలైంది? సంక్రాంతికి వెళ్ళినదాన్ని. నలభై కిలోమీటర్లు.

బటన్ గుర్తొచ్చింది. శబ్దం రాకుండానే ఎన్నిసార్లు నొక్కానో! 304వ కీర్తన గుర్తొచ్చి అంత రాత్రిపూట ఒక్కదాన్నే నవ్వుకున్నాను, అత్తయ్య గారు లేచి వచ్చి మందు తలకెక్కిందేమో అని భయపడ్డారు.

రెండో వారంలో ట్రంక్ రోడ్డు దాటుతుంటే వెనక నుంచి హారన్ వినబడింది. ఎడమకి తిరిగాను. బండి కుడి వైపు నుంచి వచ్చి నా చీర కొంగు రాసుకుంటూ పోయింది. ఒక్క చెవితో శబ్దం వినబడుతుంది కానీ ఎటు నుంచో తెలియదు. రెండు చెవులకూ అది చేరే క్షణంలో, జోరులో ఉండే తేడాను బట్టే మెదడు దిక్కు పట్టుకుంటుందట. సందడిలో ఒక గొంతును వేరు చేసుకోవడానికీ ఆ రెండే కావాలి. ఆ రోజు ఇంటికొచ్చి ఫ్రిజ్ మీద కార్డు చూసి గట్టిగా ఏడ్చాను. వెనుకనుండి యొక శబ్దము! ఏం వాగ్దానం ప్రభువా ఇది, ఎగతాళి చేస్తున్నావా అన్నాను. ఆ మాటకు దేవుడు కోప్పడినట్టు అనిపించలేదు.

పదిహేను రోజులకి ఆడియోగ్రామ్ 55కి వచ్చింది. మిగతాదానికి చెవి పొర గుండా ఇంజెక్షన్లు, మూడు. కళ్ళు తిరుగుతాయి, మందు గొంతులోకి చేదుగా దిగుతుంది, ఐదు నిమిషాల్లో అయిపోతుంది. సెప్టెంబర్ మధ్యలో కుడి చెవిలో మనుషుల గొంతులు మొదలయ్యాయి, కానీ రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టు. ఎడమ చెవి వేలితో మూసుకుని పరీక్ష చేసుకునేదాన్ని. మా ఆయనదీ, అబ్బాయిదీ ఒకటే గొంతులా ఉండేది. అమ్మ మాత్రం మాట మొదలు పెట్టకముందే తెలిసిపోయేది. మాట్లాడబోయే ముందు ఆమె గొంతు సవరించుకుంటుంది, చిన్నగా, రెండుసార్లు. ఏం చెప్తోందో ఒక్క ముక్క అర్థం కాదు, ఎవరో మాత్రం తెలుసు.

"నా గొఱ్ఱెలు నా స్వరము వినును" అని యేసు అన్నది నేను మాటలు అర్థం చేసుకోవడం అనుకున్నాను ఇన్నాళ్ళూ. గొర్రెకు మాటలేం తెలుసు. మా ఊరి చెరువు దగ్గర రెండు మందలు కలిసిపోతే కాపరి నాలుకతో ఒక చప్పుడు చేసేవాడు, ఆయన గొర్రెలు ఆయన వెంట పోయేవి, మిగతావి తలెత్తి చూసి మళ్ళీ నీళ్ళు తాగేవి. రోజూ ఆ మనిషితో తిరిగితే వచ్చే గుర్తు అది. నేను దేవునితో తిరగడం మానేసి ఆయన్ని దారి అడిగే విచారణ కౌంటర్ చేసుకున్నాను.

అక్టోబర్‌లో ఒక తెల్లవారుజామున, తూలుడు తగ్గాక, మా ఆయన చెయ్యి పట్టుకుని ప్రార్థన కొండ ఎక్కాను. 1854 జనవరి 1న మిషనరీ జూవెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులతో ఒంగోలు కోసం ప్రార్థన చేసిన కొండ. చిన్నప్పటి నుంచి వింటున్న కథ, మాకు తెలిసిన ముగింపు 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం. మధ్యలో సంగతి ఎవరూ చెప్పరు. ఆ బాప్తిస్మాల నాటి మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చింది 1866లో. అంటే కొండ దిగి పన్నెండేళ్ళు. ఆ తరువాత కరువులో జనం గుంపులుగా వచ్చి బాప్తిస్మం ఇమ్మంటే, అన్నం కోసం వస్తున్నారేమోనని ఆయన బాప్తిస్మాలు ఆపి, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో పని ఇప్పించాడు, కరువు తగ్గే దాకా ఆగాడు. నాలాంటిదైతే మొదటి గుంపు రాగానే బటన్ నొక్కేది.

కొండ మీద నాకేమీ వినబడలేదు. కింద రైలు పోయింది, ఏ వైపు పోతోందో చెప్పగలిగాను, అది చాలు అనిపించింది.

నవంబర్ ఆడియోగ్రామ్‌లో 35. పై స్థాయి శబ్దాలు తిరిగి రాలేదు, ఇక రావని అన్నారు. పిచ్చుక అరిస్తే కుడి వైపు తెలియదు. సూయ్ కూడా ఉంది, ఫ్యాన్ వేసుకుంటే మర్చిపోతాను. అదే అమ్మాయి చేసింది పరీక్ష. ఈసారి చాలాసేపు చెయ్యి కదపకుండా కూర్చున్నాను, ఆ అమ్మాయికే అనుమానం వచ్చి గాజులోంచి చూసింది.

ఫ్లాట్ అడ్వాన్స్ గడువు ఎప్పుడు దాటిపోయిందో కూడా గుర్తు లేదు. అమ్మను దసరా సెలవుల్లో తీసుకొచ్చాను, నాలుగు రోజులుంటానని వచ్చి ఇంకా ఉంది, ఇక్కడి నీళ్ళు బాగాలేవని రోజూ తిడుతుంది. దేవుడు చెప్పాడా ఇలా చేయమని అంటే, ప్రమాణం చేసి చెప్పలేను. వంటింట్లోంచి పిలిస్తే నేను ఇప్పటికీ ఒక్కోసారి వరండా వైపు తిరుగుతాను. "అటు కాదమ్మాయ్, ఇటు" అంటుంది.