తీసిన చోట పెట్టు

"ఎక్కడ తీశావో అక్కడే పెట్టు, ప్లీజ్."

ఈ మాట నాకు కొత్తేమీ కాదు. గుంటూరు బ్రాడీపేటలో మా ఇంట్లో కత్తెర మొదలు ఊరగాయ గరిటె దాకా అమ్మ రోజుకు పదిసార్లు అనే మాటే. కానీ అమెరికాలో యూటా ఎడారిలో, మిట్టమధ్యాహ్నం, పంతొమ్మిదేళ్ల అమ్మాయి నోట ఇంగ్లీషులో అదే మాట వినేసరికి చెవులు వేడెక్కాయి. ఇంగ్లీషులో నువ్వు, మీరు తేడా లేదు కదా. మర్యాదగా అన్నదో లేదో తేల్చుకోలేను. నాకు మాత్రం 'నువ్వు' అనే వినిపించింది.

నాకప్పటికి ఇరవై ఆరు. నాగార్జున యూనివర్సిటీలో ఆర్కియాలజీ ఎంఏ చేసి, అమెరికాలో రెండో మాస్టర్స్ చదువుతున్నాను. ఆ పిల్ల ఇంకా డిగ్రీ రెండో సంవత్సరం. ఇంటర్న్.

నేను చేసిన నేరం ఇదీ. బొటనవేలంత చిల్లపెంకు ఒకటి కనబడింది. బూడిద రంగు, పైన వరసగా వేలి నొక్కులు. మట్టిని తాడులా పేని, చుట్ట మీద చుట్ట పెట్టి, వేళ్లతో నొక్కుతూ కుండ లేపేవాళ్లు అక్కడ ఒకప్పుడు బతికిన ప్యూబ్లో జనం. ఆ నొక్కుల్లో నా వేలు సరిగ్గా పట్టింది. ముచ్చటేసి నీళ్ల సీసాలోంచి నాలుగు చుక్కలు పోసి, చొక్కా అంచుతో తుడిచి, దాన్ని పట్టుకుని ఆ పిల్లకు చూపిద్దామని నాలుగడుగులు వేశాను. అంతే.

మన దగ్గర ఫీల్డ్‌కి వెళ్తే మొదట చేసే పని అదే కదా. చేల గట్ల మీద తిరిగి పెంకులు ఏరడం, కవర్లో వేసి ఊరి పేరు చీటీ పెట్టడం, డిపార్ట్‌మెంటుకు తెచ్చి బకెట్లో కడిగి, మేడ మీద పేపర్లు పరిచి వడియాల్లా ఎండబెట్టడం. ఎక్కువ ఏరుకొచ్చినవాళ్లకు సార్ దగ్గర మంచిపేరు. నేనెప్పుడూ ముందుండేదాన్ని. ఆ విద్యే అక్కడ తప్పయింది. అక్కడి సర్వేలు చాలావరకు ఏరకుండా చేసేవే. మనిషికీ మనిషికీ 15 మీటర్ల దూరం ఉంచి వరసగా నడుస్తారు. ఏదైనా కనబడితే పక్కన చిన్న జెండా గుచ్చుతారు. కొలత, ఫొటో, జీపీఎస్, ఫారం. వెళ్లేటప్పుడు జెండాలు పీకేసి వచ్చేస్తారు. పెంకు ఉన్నచోటే ఉంటుంది. నడిచే చోటు కూడా చూసుకోవాలి. అక్కడి ఇసుక మీద నల్లగా, గరుకుగా పెచ్చులాంటిది ఉంటుంది, ప్రాణమున్న మట్టి. ఒక్క అడుగు పడితే మళ్లీ కట్టడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. ఆ సంగతీ ఆ పిల్లే చెప్పింది, మొదటి రోజు, నా బూటు వంక చూస్తూ.

మా మామయ్యకు ఇంటర్న్‌షిప్ అంటే హైదరాబాదులో కంప్యూటర్ ముందు కూచునేదే. ఎడారిలో పెంకులు లెక్కపెట్టడానికి పిల్లలకి డబ్బులిస్తారా అని నవ్వుతాడు. ఇస్తారు. వారానికింత భత్యం, చాలాచోట్ల ఉండడానికి గది కూడా. ఎందుకంటే అక్కడ ప్రభుత్వ భూమి అంతుంది. బ్యూరో ఆఫ్ లాండ్ మేనేజ్‌మెంట్ అనే ఒక్క శాఖ కిందే దాదాపు 24.5 కోట్ల ఎకరాలు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు మూడున్నర రెట్ల పైమాటే. అడవుల శాఖ, నేషనల్ పార్కులు వేరే. ఆ భూమిలో రోడ్డు వేయాలన్నా, గ్యాసు పైపు పరవాలన్నా, 1966 నాటి చట్టం ప్రకారం అక్కడ పాతకాలపు జాడలేమన్నా ఉన్నాయేమో ముందు చూసుకోవాలి. చూసే మనుషులు ఎప్పుడూ చాలరు. అందుకని కాలేజీ పిల్లల్ని ఎండాకాలం సెలవుల్లో పిలిచి, పాత ఫారాలు చేతికిచ్చి, ఇరవై ముప్ఫై ఏళ్ల కిందట రాసిన సైటు ఇప్పుడెలా ఉందో చూసి రమ్మంటారు. ఇలాంటి వాటిలో కొన్నిటికి ఇంకో ఆశ కూడా ఉంది. 640 గంటలు పనిచేసి పథకం పూర్తిచేస్తే, తర్వాత రెండేళ్లపాటు ఫెడరల్ ఉద్యోగాలకు బయటి పోటీ లేకుండా అప్లై చేసుకోవచ్చు.

ఇది నాకింత వివరంగా ఎలా తెలుసంటే, ఆ ఏడు చలికాలమంతా అలాంటి ప్రకటనలు చదవడమే నా పని. అన్నీ నాకోసమే రాసినట్టుండేవి. నడవగలగాలి, పెంకులు గుర్తుపట్టాలి, మ్యాపు చదవాలి. చివర్లో ఒక్క వాక్యం. పౌరులు గానీ, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు గానీ అయ్యుండాలి. ఎఫ్1 అనే చదువు వీసా మీద ఉన్నదాన్ని, ఆ వాక్యం దాకా చదివి ల్యాప్‌టాప్ మూసేదాన్ని. చివరికి మా ప్రొఫెసర్ తన పర్మిట్ కింద, సీపీటీ మీద, అంటే చదువులో భాగంగా పనిచేసే అనుమతి మీద తీసుకుంటే ఆ ఎడారికి వెళ్లగలిగాను. అక్కడ మాతో కలిసి నడవడానికి ఆ భూముల శాఖ ఆఫీసు పంపిన ఇంటర్న్ ఈ పిల్ల. కాబట్టి ఆ మాటకు నాకు తగిలినదాంట్లో సగం అసూయే అనుకోండి.

పెట్టు అన్నది సరే, ఎక్కడ పెట్టను? వెనక్కి తిరిగి చూస్తే అంతా ఒకటే ఎర్రమట్టి. నాలుగడుగులే వేశాను, ఆ నాలుగూ ఎటు వేశానో తెలియదు. ఆ పిల్ల కోప్పడలేదు, నిట్టూర్చలేదు. మోకాళ్ల మీద కూచుని, నీళ్లు పడిన తడి ఎక్కడుందో వెతకడం మొదలెట్టింది. ఆ ఎండకు తడి ఎప్పుడో ఆరిపోయింది. ఇరవై నిమిషాలు వెతికాం ఇద్దరం. తర్వాత ఇక్కడే అయ్యుంటుందని ఒక చోట అనుకుని పెట్టాం. తను ఫారంలో రాసింది: ఒక పెంకును బృందం సుమారు మూడు మీటర్లు కదిలించింది, అసలు చోటు కచ్చితంగా తెలియదు.

నా పేరు రాయలేదు. 'బృందం' అని రాసింది. దాన్ని నేను రాత్రికి గానీ గమనించలేదు.

ఆ రాత్రి టెంటులో ఫోన్ తీసి చట్టం చదివాను. పాతకాలపు వస్తువుల్ని కాపాడడానికి చేసిన 1979 చట్టం అది. పర్మిట్ లేకుండా తీసినా, కదిలించినా మొదటిసారికే పదివేల డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు. మా ప్రొఫెసర్‌కు పర్మిట్ ఉంది కాబట్టి నాకేమీ కాదని తెలుసు. అయినా వీసా మీద ఉన్నవాళ్లకు నిద్రపట్టని రాత్రుల్లో బుర్ర ఎటు పోతుందో వేరే చెప్పాలా? జైలు కంటే ముందు విమానం ఎక్కించేస్తారనుకున్నాను. అమ్మకు ఏం చెప్పాలో కూడా వాక్యాలు కూర్చుకున్నాను.

భయం తగ్గాక కోపం వచ్చింది. తీసిన చోట పెట్టు అనడం వాళ్లకు తేలికే. అక్కడ కుండలు చేసినవాళ్లు 1300 ప్రాంతానికల్లా దక్షిణానికి వెళ్లిపోయారు. వాళ్ల వారసులు హోపీ, జూనీ లాంటి ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. ఆ చుట్టుపక్కల బతికిన నవాహో తెగవాళ్లని 1864లో సైన్యం వందల మైళ్లు నడిపించి తీసుకుపోయింది. మనుషుల్ని కదిలించిన నేల మీద పెంకును కదిలించొద్దంటారా అని ఆ టెంటులో ఒక్కదాన్నే వాదించాను. మా కృష్ణా ఒడ్డున నాగలి దించిన చోటల్లా పెంకు లేస్తుంది. జెండా గుచ్చుకుంటూ పోతే రైతు దుక్కి ఎప్పుడు దున్నాలి?

వాదన బాగానే ఉంది, నా పక్కన మా ఊళ్లు నిలబడితే కదా. అమరావతి దీపాలదిన్నె, ఆ బౌద్ధ స్తూపం ఉన్న దిబ్బ, గుర్తొచ్చింది. సర్వేలు చేసే మెకంజీ దొర 18వ శతాబ్దం చివర వచ్చేసరికే కొత్త ఊరి కోసం స్తూపం రాళ్లు తవ్వుతున్నారు. పాలరాయిలా తెల్లగా ఉన్న ఆ శిల్పాల్లో కొన్నిటిని కాల్చి సున్నం చేశారు. మిగిలినవాటిలో కంపెనీ అధికారి ఇలియట్ 1845లో తవ్వించినవి మద్రాసు చేరి, 1859లో ఓడెక్కి లండన్ వెళ్లాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో అద్దాల గదిలో ఉన్నాయి. నాగార్జునకొండ లోయ సంగతి చెప్పనే అక్కర్లేదు. 1954 నుంచి 1960 దాకా ఆదరాబాదరా తవ్వి, దొరికినంత గుట్ట పైకి చేర్చి, మిగతాది నీళ్లకు వదిలేశాం. సాగర్ నీళ్లు తాగి పెరిగినదాన్ని, ఆ నీళ్లు వద్దని నేనెలా అంటాను? తీసిన చోట పెడదామన్నా చోటే లేదు అక్కడ.

అలా తెల్లారేదాకా ఒకసారి వాళ్ల పక్క, ఒకసారి మా పక్క. ఉదయం ఆ పిల్ల కాఫీ కప్పు తెచ్చి చేతికిచ్చి, మీ దగ్గర పెంకులు ఎలా ఉంటాయి అని అడిగింది. లోపల నలుపు, బయట ఎరుపు అని చెప్పాను. ఒక్క కుండకు రెండు రంగులెలా వస్తాయని మళ్లీ అడిగింది. బోర్లించి కాలిస్తే లోపలికి గాలి తగలదు, నల్లబడుతుంది అన్నాను. తన నోట్‌బుక్‌లో రాసుకుంది. నా పేరు స్పెల్లింగ్ కూడా అడిగింది. అప్పుడు రాసుకుంది, నిన్న రాయని పేరు.

సంక్రాంతికి ఇంటికొచ్చాను. మామయ్య వాళ్ల ఊరు అమరావతి దారిలోనే, ఊరి చివర పెద్ద పాటిదిబ్బ ఉండేది. ఉండేది అంటున్నాను, ఇప్పుడు సగమే ఉంది. చిన్నప్పుడు దాని మీదెక్కితే చెరువు అవతలి తాటిచెట్లు కనబడేవి. ఎప్పుడో మట్టిలో కలిసిపోయిన పాత ఊరు అది. వందల ఏళ్ల బూడిద, పేడ, ఎముకలు కలిసిన మట్టి కాబట్టి పొలానికి ఎరువుకంటే బాగా పనిచేస్తుంది. మొన్న వెళ్లేసరికి ఒక ట్రాక్టరు నింపుతున్నారు.

"ఏంది మామయ్యా, ఇంకా తోలుతున్నారా?"

"ఏం చేస్తామమ్మడూ, యూరియా కట్ట దొరకాలంటే లైన్లో నిలబడాల. పాటిమన్ను తోలితే పైరు నల్లగా లేస్తది. మీ తాత కాలం నుంచీ ఇంతే గదా."

"గవర్నమెంటు వాళ్లు అడగరా?"

"పోరంబోకమ్మా అది. అడిగేదెవరు?" అని నవ్వి, "నువ్వు అడుగుతుండావు గదా, చాల్లే" అన్నాడు.

1878 నాటి నిధుల చట్టం ఇంకా ఉంది మనకు. భూమిలో పదిరూపాయల విలువకు మించినది దొరికితే కలెక్టరుకు చెప్పాలని అందులో ఉంది. ఈ రోజుల్లో పదిరూపాయలకు ప్లేటు పునుగులు రావు. పెంకుకు అంత విలువ కూడా ఎవరు కడతారు? ఇదంతా మామయ్యకు చెబుదామని నోటిదాకా వచ్చింది. ఆయన పెట్టిన అరిసె అప్పటికే నోట్లో ఉంది. ఆ అరిసెల్లో బియ్యం ఆ మన్నులో పండినవే.

ట్రాక్టరు వెళ్లిపోయాక బావ కూతురు, ఎనిమిదేళ్లది, దారిలో పడిన మట్టిగడ్డలు తన్నుకుంటూ వచ్చింది. వాకిట్లో తొక్కుడుబిళ్ల గడులు గీసి ఉన్నాయి. దాని చేతిలో బిళ్ల చూసి ఆగిపోయాను. లోపల నలుపు, బయట ఎరుపు. అంచులు గుండ్రంగా అరగదీసి ఉన్నాయి. తవ్వకాల్లో కూడా ఇలాంటివి దొరుకుతాయి, ఆటబిళ్లలు అని రిపోర్టుల్లో రాస్తారు.

"నువ్వే అరగదీశావా?"

"లేదు పిన్నీ, ఇట్టాగే దొరికింది."

"ఎక్కడ తీశావు?"

అది కాసేపు ఆలోచించి దిబ్బ వైపు చూసింది, తర్వాత దుమ్ము లేపుకుంటూ పోయే ట్రాక్టరు వైపు చూసింది.

"అందులో" అంది.

ఆ పెంకును తిప్పి చూస్తూ నిలబడ్డాను. నా ఫోన్లో జీపీఎస్ ఉంది, కెమెరా ఉంది. బ్యాగులో ఆ ఎడారి నుంచి తెచ్చుకున్న నారింజ రంగు జెండాలు రెండు కూడా ఉన్నాయి, అక్కడ మిగిలిపోయినవి.

"పిన్నీ, నా బిళ్లియ్యి. నా వంతు."

ఇచ్చేశాను. కళ్లు చికిలించి గురిచూసి విసిరింది. మూడో గడిలో పడింది.