కిటికీ మూసే వేళ

మే 27. రోహిణి కార్తె వచ్చి మూడో రోజు. ఈ కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. రెంటచింతల, మాచర్ల చుట్టుపక్కల ఈ రోజుల్లో ఎనిమిది గంటలకే ఎండ చురుక్కుమంటుంది, పదకొండు దాటితే వడగాలి. ఏసీ లేని డాబా ఇల్లు ఇలాంటి ఒక మామూలు రోజును ఎలా గట్టెక్కాలో వేళల వారీగా రాసిపెడుతున్నాను. చలవంతా వేళలోనే ఉంది. అదే కిటికీ పొద్దున ఇంటిని కాపాడుతుంది, మధ్యాహ్నం అదే ఉడికిస్తుంది.

తెల్లవారుజాము నాలుగున్నర. ఇరవై నాలుగు గంటల్లో బయటి గాలి అన్నిటికన్నా చల్లగా ఉండేది సూర్యుడు పొడిచే ముందే. కిటికీలు, తలుపులు, పైన వెంటిలేటర్లు, అన్నీ బార్లా తెరవాలి. గోడలు, నేల, బీరువాలు, పరుపులు నిన్నటి వేడిని బాగా వదిలేది ఈ మూడు గంటల్లోనే. గాలి కదలకపోతే టేబుల్ ఫ్యానును పడమటి గది కిటికీలో బయటికి తిప్పి పెట్టి, తూర్పు వైపు కిటికీ తెరవాలి. చాలామంది ఫ్యానును లోపలికి తిప్పి పెడతారు.  గదిలో వేడి గాలిని బయటికి తోస్తే ఆ ఖాళీలోకి చల్లగాలి తనంతట తాను వస్తుంది.

వంట కూడా ఈలోపే ముగించుకోవాలి. వంటింటి కిటికీ తెరిచి, వంటింట్లోంచి ఇంట్లోకి వచ్చే తలుపు మూసి ఉంచితే పొయ్యి సెగ మిగతా గదులకు పాకదు.

ఇక కిటికీలు ఎప్పుడు మూయాలి? గడియారం చూసి కాదు. రెండు చవక థర్మామీటర్లు కొని ఒకటి హాల్లో, ఒకటి బయట నీడపట్టున వేలాడదీయండి. రెండూ ఒకే అంకె చూపించిన క్షణాన మూసేయాలి. మే నెలాఖరులో అది ఏడున్నర, ఎనిమిది మధ్య వస్తుంది. "గాలి ఆడొద్దా" అని మధ్యాహ్నం కిటికీ తెరిచి ఉంచితే 42 డిగ్రీల గాలి లోపలికి వచ్చి గోడలకు, నేలకు వేడి ఎక్కిస్తుంది. అలా ఎక్కిన వేడి అర్ధరాత్రి దాకా దిగదు.

ఏ కిటికీని ముందు చూసుకోవాలన్నదీ ముఖ్యమే. మన దగ్గర మే చివర్లో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. కాబట్టి దక్షిణపు కిటికీలోంచి ఈ నెలలో నేరుగా ఎండ రాదు. దెబ్బంతా తూర్పు నుంచి పొద్దున, పడమర నుంచి సాయంత్రం, పైకప్పు నుంచి రోజంతా. దక్షిణానికి మందపాటి కర్టెను కుట్టించి పడమటి గోడను వదిలేసిన ఇళ్లు ఎన్నో. పైగా కర్టెను లోపల ఉంటుంది. ఎండ అద్దం దాటి కర్టెను మీద పడిందంటే వేడి అప్పటికే ఇంట్లోకి వచ్చేసినట్టు. అడ్డం బయటే కట్టాలి. వెదురు తడిక, గోనెపట్టా, తాటాకు చాప, ఏదైనా సరే, కిటికీకి జానెడు దూరంలో వేలాడితే మధ్యలో గాలి ఆడి ఆ వేడిని పైకి లాక్కుపోతుంది. పడమటి వైపు వేప చెట్టు ఉన్న ఇంటికి ఈ బాధ సగం తప్పినట్టే.

ఇప్పుడు కుండ. దీని గురించి కొంచెం ఎక్కువే రాయాలి, ఎందుకంటే కుండ కొని నీళ్లు చల్లబడలేదని వారానికే మూలన పడేసేవాళ్లు చాలామంది. కొనేటప్పుడు వేలి గణుపుతో కొట్టి చూడాలి. ఖంగుమంటే బాగా కాలింది, మొద్దుగా పలికితే ఎక్కడో పగులు ఉంది. రంగులు, వార్నిషు వేసిన కుండ అందానికే, అది చెమర్చదు. కొత్త కుండను ఒక రాత్రీ ఒక పగలూ నీళ్లలో నాననిచ్చి, ఆ నీళ్లు పారబోసి, కొబ్బరి పీచుతో కడిగి వాడుకోవాలి. సబ్బు వద్దు, ఆ వాసన మట్టి పట్టేస్తుంది.

నింపిన రెండు గంటలకు కుండ బొడ్డు మీద చెయ్యి పెట్టి చూడండి. సన్నటి తడి అంటుతుంది, చెయ్యి తీయగానే ఆ జాడ నిమిషంలో ఆరిపోతుంది. కుండ పని అంతా ఆ ఆరిపోవడంలోనే ఉంది. పది లీటర్ల కుండ నుంచి ఒక్క గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్లు అలా ఆవిరైతే లెక్క ప్రకారం మిగతా నీళ్ల వేడి పదకొండు డిగ్రీల మేర తగ్గాలి. చుట్టూ గాలి నుంచి వేడి చేరుతూనే ఉంటుంది కనుక అంత దక్కదు, కానీ గొంతుకు హాయిగా ఉండేంత చలవ వస్తుంది. అందుకే కుండను గాలి ఆడే నీడలో, తడి ఇసుక మీద పెట్టాలి. అల్మారాలో దాస్తే చెమట ఆరదు, నీళ్లు చల్లబడవు. చుట్టూ తడి గుడ్డ కడితే ఇంకా మేలు, దాన్ని ఎండిపోనివ్వకూడదు.

రెండు నెలలకు చల్లదనం తగ్గిందంటే కుండ పాడైందని కాదు. బోరు నీళ్లలోని సున్నం, ఉప్పు పైన తెల్లటి పొరలా పేరుకుని మట్టి రంధ్రాలను మూసేస్తాయి. పల్నాడు, ప్రకాశం నీళ్లకు ఇది త్వరగా వస్తుంది. నిమ్మ చెక్కతో రుద్ది, పీచుతో తోమి, ఒకరోజు ఎండబెడితే కొంత తేరుకుంటుంది. అయినా చెమర్చకపోతే దాన్ని పూలకుండీ చేసుకుని కొత్తది కొనుక్కోవాల్సిందే.

పదకొండున్నర. వడగాలి మొదలైంది. ఇంట్లో వట్టివేళ్ల తడిక ఉంటే ఇప్పుడు దాని అవసరం. గాలి వచ్చే వైపు కిటికీకి తడికను కట్టి బాగా తడిపి, ఎదురుగా ఉన్న కిటికీని బెత్తెడు తెరిచి పెట్టాలి. పొద్దున మూసిన కిటికీ ఇప్పుడు తెరవడమేమిటంటే, లోపలికి వచ్చే గాలి తడిలోంచి వస్తోంది కాబట్టి. ఎదుటి కిటికీ కూడా మూసేస్తే తేమ గదిలోనే నిలిచి అరగంటలో ఒళ్లంతా జిడ్డు. వట్టివేళ్లు పనిచేయలేదనే ఫిర్యాదుల్లో ఎక్కువ శాతం ఇదే తప్పు. చేత్తో తడిపితే అరగంటకోసారి తడపాలి. అంత ఓపిక లేకపోతే తడిక పైఅంచున అరంగుళం పైపు కట్టి, రెండంగుళాలకో సన్నటి బెజ్జం పెట్టి, ఎత్తున ఉంచిన బకెట్ నుంచి బొట్లుబొట్లుగా వదలొచ్చు. కింద ఒక తొట్టి. రోజుకోసారి తడికను ఎండలో ఆరబెట్టకపోతే బూజు పట్టి, ఆ కమ్మని వాసన కాస్తా ముక్కిపోయిన వాసనగా మారుతుంది. వట్టివేళ్లు దొరక్కపోతే గోనెసంచీ అయినా సరిపోతుంది, సువాసన ఒక్కటే ఉండదు.

ఇదంతా పొడి ఊళ్లకే. 42 డిగ్రీల ఎండలో తేమ 20 శాతం ఉంటే నీరు ఆరడం వల్ల గాలి మహా అయితే 24 డిగ్రీల దాకా దిగగలదు. విశాఖలోనో కాకినాడలోనో 36 డిగ్రీలు, 65 శాతం తేమ ఉన్న రోజున ఎంత తడిపినా 30 కిందికి రాదు, ఉక్క మాత్రం పెరుగుతుంది. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లు తడికల జోలికి పోకుండా నీడనూ, ఎదురెదురు కిటికీల గాలినీ నమ్ముకోవాలి.

ఫ్యాను సంగతి కూడా అంతే. గది 35 డిగ్రీలు దాటితే ఆ గాలి ఒంటి చర్మం కన్నా వేడిది. చెమట పడుతున్నంతసేపు ఫరవాలేదు. ముసలివాళ్లకు చెమట సరిగా పట్టదు, వాళ్లకు ఒట్టి ఫ్యాను సెగలా తగులుతుంది. తడిపి పిండిన నూలు తువ్వాలు భుజాల మీద కప్పి అప్పుడు ఫ్యాను వేయాలి.

తిండికి పెద్ద చర్చ అక్కర్లేదు. పొద్దున చద్దన్నంలో మజ్జిగ, ఉల్లిపాయ. మధ్యాహ్నానికి ఒక వంతు పెరుగు, నాలుగు వంతుల నీళ్లు, ఉప్పు కలిపిన పల్చటి మజ్జిగ. తెలంగాణలో జొన్న అంబలి, సీమలో రాగి అంబలి. ముంజలు దొరికితే పైపొర తీసేయకుండా తినాలి. జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదన్న మాట నమ్మి ఎండలోకి వెళ్లొద్దు. నీరసంగా ఉంటే లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతున్న మనిషికి మాత్రం ఇవేవీ తాగించకండి. నీడకు చేర్చి, ఒంటి నిండా నీళ్లు పోసి, విసురుతూ 108కి ఫోన్ చేయాలి.

సాయంత్రం ఆరున్నర. నాలుగైదు అంగుళాల శ్లాబు పగలంతా తాగిన ఎండను ఇప్పుడు కిందికి దించుతుంది. బయట చల్లబడుతున్నా ఇంట్లో ఉడికిపోవడానికి కారణం ఇదే. పొద్దు గుంకాక డాబా మీద నాలుగు బకెట్లు పల్చగా చల్లాలి, మడుగు కట్టేలా పోయనక్కర్లేదు. ఆరేకొద్దీ వేడిని లాగుతుంది. ఆరిపోతే మరోసారి. పడమటి వాకిట్లో కూడా కళ్లాపి చల్లి, థర్మామీటర్లు మళ్లీ కలిశాకే కిటికీలు తెరవాలి.

శ్లాబుకు అసలు మందు సున్నం, ఆ తెలుపు ఎండను తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులను లక్ష్యంగా పెట్టుకుంది. ఇంటి మట్టుకు అది ఒక సాయంత్రం పని. కిలో రాతి సున్నానికి ఐదు లీటర్ల నీళ్లు. ముందు నీళ్లు పోసుకుని అందులో సున్నం కొద్దికొద్దిగా వేయాలి, సున్నం మీద నీళ్లు గుమ్మరిస్తే కుతకుత ఉడికి మొహం మీదికి ఎగురుతుంది. ఇనప డ్రమ్మే వాడాలి, ప్లాస్టిక్ బకెట్ ఆ వేడికి మెత్తబడుతుంది. కళ్లను పూర్తిగా కప్పే కళ్లద్దాలు తప్పనిసరి. ఒక రోజు ఊరనిచ్చి, గుడ్డలో వడకట్టి, పది లీటర్లకు 40 గ్రాముల బంక వేడినీళ్లలో కరిగించి కలపాలి. డాబా ఊడ్చి, తడిపి, ఎండ పోయాక రెండు పూతలు. మిట్టమధ్యాహ్నం వేస్తే పూత పట్టుకోకుండానే ఆరి, అడుగు పెడితే పొడిగా అంటుతుంది. వానాకాలానికి కొట్టుకుపోతుంది, కనుక ఏటా మార్చిలో మళ్లీ వేయాలి.

తొమ్మిదిన్నరకు డాబా మీద నులక మంచం. స్పాంజి పరుపు వీపు వేడిని పట్టి ఉంచుతుంది, నులక సందుల్లోంచి కింద నుంచి కూడా గాలి తగులుతుంది. దోమతెర కట్టి, పడుకునే ముందు కుండలో మిగిలిన నీళ్లు మొక్కలకు పోసి, కడిగి, కొత్త నీళ్లు నింపి, మూత మీద గుడ్డ కట్టాలి.