డీబగర్‌లో తెలుగు పేరు వెతుక్కున్న నా అనుభవం

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ షాపుకి తక్‌పట్టీలు (సరుకు అమ్మాక రైతుకిచ్చే బిల్లులు) ప్రింట్ చేసే ప్రోగ్రాం నేను చూసుకుంటాను. సీ ప్లస్ ప్లస్‌లో రాసింది, లినక్స్ సర్వర్ మీద నడుస్తుంది. సీజన్ ఊపులో ఉండగా గుమాస్తా ఫోన్ చేసి, "ఏమండీ, వెంకటేశ్వర్లు గారి పట్టీ మీద వెంకటేశ్వర్ల అని పడుతోంది, చివర కొమ్ము ఎగిరిపోయింది, ఆయన ఊరుకోవట్లేదు, కాస్త చూడండి" అన్నాడు.

ఎస్‌ఎస్‌హెచ్‌లో సర్వర్‌లోకి వెళ్ళి జీడీబీ అనే డీబగర్‌లో (నడిచే ప్రోగ్రాం మెమరీలో ఏముందో చూపించేది) ఆ పేరు ప్రింట్ చేయమంటే తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. కొటేషన్ ముందు ఎల్ (వైడ్ స్ట్రింగ్, అంటే ఒక్కో అక్షరానికి ఒకటికి మించి బైట్లు వాడేది అన్నమాట), లోపలంతా బ్యాక్‌స్లాష్‌లు, హెక్స్ కోడ్‌లు. ఇది చూడగానే డేటా పాడైందని టెన్షన్ పడేవాళ్ళు చాలామంది. ఏమీ పాడవలేదు. జీడీబీ మొదలయ్యేటప్పుడు ఉన్న లొకేల్‌నే (భాష, లిపి సెట్టింగ్) పట్టుకుంటుంది, మా సర్వర్‌లో ఉన్నది ఉత్త 'సి' లొకేల్, దాని లెక్కలో ఆస్కీ (ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, గుర్తుల కోడ్) దాటిందేదీ అచ్చువేసే అక్షరమే కాదు, అందుకని కోడ్‌లు చూపిస్తుంది. బయటికొచ్చి లొకేల్‌ని అన్ని లిపులూ తెలిసిన యూటీఎఫ్-8కి మార్చి మళ్ళీ తెరిస్తే పేరు తెలుగులోనే వచ్చింది, కొమ్ము లేకుండా. అంటే ప్రింటర్ తప్పు కాదు, మెమరీలోనే లేదు.

నిజానికి బగ్ దొరికింది మాత్రం అంకెల్లోనే. మెమరీని నాలుగేసి బైట్ల చొప్పున డెసిమల్‌లో చూస్తే 3125, 3142, 3074, 3093, 3103, 3143, 3126, 3149, 3125, 3120, 3149, 3122, ఆ తర్వాత 0. లినక్స్‌లో వైడ్ క్యారెక్టర్ 4 బైట్లు (విండోస్‌లో 2), కాబట్టి గడికో యూనికోడ్ సంఖ్య (ప్రతి అక్షరానికీ, గుర్తుకీ కేటాయించిన నంబరు). కొమ్ము సంఖ్య 3137, అది ఉండాల్సిన చోట 0 (పేరు ఇక్కడితో అయిపోయిందని చెప్పేది) కూర్చుంది. కంటికి వెం, క, టే, శ్వ, ర్లు అని అయిదే, కానీ గుణింతాలు, సున్న, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కేస్తే 13. పేరు కాలమ్‌కి ఎవరో ఎప్పుడో 12 అని ఖాయం చేసి పెట్టారు. ఆ లెక్కన వెంకటేశ్వరరావులందరికీ 'వెంకటేశ్వరరా' అని పడుతుండాలి, వాళ్ళెవరూ అడగలేదు మరి!

కంపైలర్ వైపు అనుమానం కూడా తీర్చుకుందామని అదే పేరు వైడ్ లిటరల్‌గా చిన్న ఫైల్‌లో రాసి జీసీసీ కంపైలర్‌తో అసెంబ్లీ (మెషిన్ కోడ్‌కి ముందు మెట్టు, మనం చదవగలిగే రూపం) తీశాను. వ ఉండాల్సిన చోట 5, శ చోట 6, ర చోట 0, ల చోట 2, ప్రతిదాని పక్కనా ఫార్మ్ ఫీడ్ (ప్రింటర్‌ని కొత్త పేజీకి పంపే కోడ్) గుర్తు, ఆ కింద ఒక ఖాళీ స్ట్రింగ్. తికమకగా ఉంటుంది గానీ లెక్క తేలికే: 3125 అంటే 12 × 256 + 53. ఇంటెల్ ప్రాసెసర్‌లో చిన్న బైటు ముందొస్తుంది, ఆస్కీలో 53 అంటే 5 అంకె, 12 అంటే ఫార్మ్ ఫీడ్. తెలుగుకి యూనికోడ్‌లో కేటాయించింది 3072 నుంచి 3199 దాకా, అందుకే ఆ 12 ఎక్కడా మారదు. జీసీసీ వైడ్ స్ట్రింగ్‌ని కూడా ఉత్త బైట్లలాగే రాసేస్తుంది. ఈ విషయంలో క్లాంగ్ అనే ఇంకో కంపైలరే నయం, సూటిగా 3125 అనే రాస్తుంది. రెండిట్లోనూ 13 అక్షరాలూ ఉన్నాయి, కంపైలర్ జోలికి ఇక పోలేదు.

కాలమ్ 40 చేశాను. అదీ దాటే పేరొస్తే అక్షరం మధ్యలో తెగకుండా ఐసీయూ అనే యూనికోడ్ లైబ్రరీతో కోస్తున్నాను. శ్వ, ర్లు లాంటి ఒత్తులు విడిపోకుండా చూసే రూల్ యూనికోడ్ 15.1లో, అంటే 2023లో చేరింది, కాబట్టి మీరూ ఇదే చేయబోతుంటే ముందు మీ లైబ్రరీ వెర్షన్ చూసుకోండి.