కిలో రేటు లేని చేప

కైకలూరు వైపు పుట్టి పెరిగినవాడికి చేప కనిపిస్తే నోట్లోంచి వచ్చే మొదటి మాట, కిలో ఎంత? అలాంటివాణ్ని న్యూజిలాండ్‌లోని ఇన్వర్‌కార్గిల్ సూపర్ మార్కెట్లో చేపల కౌంటర్ ముందు నిలబెడితే ఊరుకుంటానా? సాల్మన్ ఉంది, సముద్రపు చేపలు ఉన్నాయి. చల్లటి ఏటి నీళ్లలో బతికే ట్రౌట్ చేప మాత్రం లేదు. "చుట్టూ నదుల నిండా అదే అన్నావు కదరా" అని మా తమ్ముణ్ని అడిగాను. "ఇక్కడ అది అమ్మితే కేసు, అన్నయ్యా" అన్నాడు.

వాడు న్యూజిలాండ్ దక్షిణ కొసన సౌత్‌లాండ్‌లో ఓ డెయిరీ ఫారంలో పనిచేస్తాడు. ఏప్రిల్ చివర్లో వెళ్లాను. అక్కడ అది చలి మొదలయ్యే కాలం. చాలా నదుల్లో ట్రౌట్ సీజన్ అక్టోబరు 1న తెరిచి ఏప్రిల్ 30న మూస్తారు. మే మొదటి శనివారం నుంచి బాతుల వేట. నేను సరిగ్గా ఒకటి మూసే ముందు, ఇంకోటి తెరిచే ముందు దిగాను.

ట్రౌట్ సంగతి ముందు చెప్పాలి. ఆ దేశంలో దాన్ని కొనకూడదు, అమ్మకూడదు, చెరువులో పెంచి వ్యాపారం చేయకూడదు. పట్టుకున్నవాడు తినొచ్చు, పక్కింటికి ఇవ్వొచ్చు, హోటల్‌కి తీసుకెళ్తే వండి కూడా పెడతారు. డబ్బు మాత్రం చేపకి ముట్టకూడదు. ధర పలికితే రాత్రిళ్లు వలలు దిగుతాయని వాళ్ల భయం. చెరువుల మీద బతికే ఊళ్లోంచి వెళ్లిన నాకు ఇది మింగుడు పడటానికి కాస్త టైం పట్టింది. ఇంకో నియమం ఇంతకన్నా గట్టిది. తన పొలం గట్టున ఏరు పారుతున్నా, అందులో గాలం వేసే హక్కును రైతు డబ్బుకి అమ్ముకోకూడదు. బాతుల వేటకీ అంతే. రానివ్వొచ్చు, వద్దనొచ్చు, టికెట్ మాత్రం పెట్టకూడదు. బ్రిటన్‌లో మంచి నదులన్నీ ఎస్టేట్ల దొరల చేతిలో ఉండేవి. అక్కణ్నుంచి వచ్చిన వలసదారులు ఇక్కడ ఆ పద్ధతి పెట్టుకోలేదు.

ఇన్వర్‌కార్గిల్ నుంచి గోర్ ఊరు కారులో గంట లోపే. దారంతా పచ్చిక, గొర్రెలు, ఆవులు, గాలికి అడ్డంగా పెంచిన చెట్ల వరసలు. ఊళ్లో ఆంజనేయస్వామి ఉండాల్సిన చోట అన్నట్టు పెద్ద బ్రౌన్ ట్రౌట్ బొమ్మ ఉంది. ప్రపంచ బ్రౌన్ ట్రౌట్ రాజధాని తమదేనని వాళ్ల గొప్ప. ఊరి మధ్యలోంచే మటౌరా నది పోతుంది. 1997లో ఈ నదికి ప్రత్యేక రక్షణ ఉత్తర్వు వచ్చింది. నీళ్లు ఎంత తోడొచ్చు, ఏం కలపకూడదు అన్నదానికి హద్దులు గీసేటప్పుడు ట్రౌట్ చేపనే లెక్కలోకి తీసుకున్నారు.

గాలాల షాపులో డే లైసెన్సు కొన్నాను. విదేశీయుడికి రేటు ఎక్కువ, అది న్యాయమే. ఆ లైసెన్సు టౌపో సరస్సు ప్రాంతంలో తప్ప దేశమంతా చెల్లుతుంది. టౌపోని ప్రభుత్వ శాఖే చూసుకుంటుంది. మిగతా దేశాన్ని 12 ప్రాంతాలు చేసి ఒక్కోదానికి చేపల, పక్షుల వేట వ్యవహారాలు చూసే ఒక ఫిష్ అండ్ గేమ్ కౌన్సిల్ పెట్టారు. పందొమ్మిదో శతాబ్దంలో వలసదారులు బయటి జంతువుల్ని, పక్షుల్ని, చేపల్ని తెచ్చి వదలడానికి సంఘాలు పెట్టుకున్నారు. 1860లలో టాస్మేనియా నుంచి బ్రౌన్ ట్రౌట్ గుడ్లు తెచ్చింది అలాంటివాళ్లే. 1990లో ఆ సంఘాల స్థానంలో ఈ కౌన్సిళ్లు వచ్చాయి. పన్నుల డబ్బు వీటికి రాదు, లైసెన్సు ఫీజులతోనే బండి నడుస్తుంది. పూర్తి సీజన్ లైసెన్సు కొన్నవాళ్లు కౌన్సిల్ సభ్యుల్ని ఓటు వేసి ఎన్నుకుంటారు. రోజుకి ఎన్ని చేపలు పట్టొచ్చు, ఏ ఏట్లో ఏ ఎర వాడొచ్చు అన్నది ప్రాంతాన్ని బట్టి మారిపోతుంది. నియమాల పుస్తకం చేతిలో లేకుండా గట్టు దిగకూడదు.

నన్ను ఏటికి తీసుకెళ్లింది తమ్ముడి పక్కింటి పెద్దాయన. కారు దిగగానే ఆయన చూసింది నా గాలాన్ని కాదు, బూట్లని. అడుగు తిప్పించి మరీ చూశాడు. 2004లో సౌత్‌లాండ్‌లోనే, వైయావు నదిలో, డిడిమో అనే నాచు బయటపడింది. రాళ్ల మీద తడిసిన దూదిలా దట్టంగా పరుచుకుంటుంది. ఒక్క చుక్క నీళ్లు చాలు, ఒక ఏట్లోంచి ఇంకో ఏట్లోకి పాకడానికి. మెత్తటి ఫెల్ట్ అడుగున్న బూట్లలో తడి నిలుస్తుందని వాటిని నిషేధించారు. ఏరు మారేటప్పుడు సామాను చూసుకో, కడుగు, ఆరబెట్టు. ఆరాక కూడా 48 గంటలు ఆగు. మడి కట్టుకునే మా నాయనమ్మ ఇక్కడ పుట్టి ఉంటే రేంజర్ అయ్యేది.

రేంజర్ అంటే గుర్తొచ్చింది. మధ్యాహ్నం విల్లో చెట్ల మధ్యలోంచి ఒకాయన నడిచొచ్చి, నవ్వుతూనే లైసెన్సు అడిగాడు. జీతం లేని గౌరవ రేంజర్ అట, మామూలుగా ఆయనా గాలం వేసేవాడే. ఫోన్లో కాగితం చూశాడు, పెద్దాయన పట్టిన చేపని కొలబద్ద మీద పెట్టి చూశాడు. బంగారు రంగు పొట్ట, ఒంటి నిండా నల్ల చుక్కలు, కొన్నిటి చుట్టూ తెల్లటి వలయం, పక్కల అక్కడక్కడా ఎర్ర చుక్కలు. మన శీలావతిలా పెద్ద పొలుసులు లేవు, చెయ్యి వేస్తే జారిపోతుంది. నా గాలానికి ఒక్కటీ పడలేదు. పెద్దాయన తనది మాకిచ్చేశాడు. రాత్రి మరదలు చింతపండు పులుసు పెట్టింది. నిజం చెప్పాలంటే పులుసుకి బొచ్చె తల ముందు ఇది పనికిరాదు, వేపుడికైతే బావుండేది.

ఆ రాత్రి భోజనాల దగ్గరే అసలు గొడవ. 2000ల మొదట్లో ఫిష్ అండ్ గేమ్ వాళ్లు "డర్టీ డెయిరీయింగ్" అని దేశమంతా ప్రచారం చేశారు. ఆవుల పెంట, ఎరువుల నైట్రేట్ నదుల్లోకి దిగుతోందని రైతుల్ని నిలదీశారు. "చేపలు పట్టే సరదా కోసం మా పొట్ట కొడతారా" అని తమ్ముడు. "ఏరు చెడితే మీ ఆవులు మాత్రం ఏం తాగుతాయి" అని పెద్దాయన. ఇద్దరూ పులుసు మళ్లీ వడ్డించుకున్నారు. ఫారంలో ఏటి పక్కన కంచె వేసిన చోటు మర్నాడు తమ్ముడే తీసుకెళ్లి చూపించాడు, కొంచెం గర్వంగానే.

శనివారం చీకటి ఉండగానే చెరువుల వైపునుంచి కాల్పులు మొదలయ్యాయి. బాతుల వేటకి చాటుగా కట్టుకునే గుడిసెని అక్కడ మైమై అంటారు. వేటకి మళ్లీ వేరే లైసెన్సు, దాంతోపాటు ఒక స్టాంపు. 1994 నుంచి ఆ స్టాంపు డబ్బు బాడవ నేలల్ని బాగుచేయడానికి పోతోంది. ఆ దేశం తన బాడవల్లో తొంభై శాతం దాకా ఎండగట్టి పొలాలు చేసుకుంది మరి. నీటి దగ్గర సీసపు గుళ్లు వాడకూడదు. బురదలో పడ్డ గుళ్లని బాతులు గులకరాళ్లనుకుని మింగి చస్తాయి. పెద్దాయన తెచ్చి చూపించిన మల్లార్డ్ జాతి బాతు కాలికి సన్నటి లోహపు కడియం, దాని మీద నంబరు. ఆ నంబరు కౌన్సిల్‌కి చెబితే ఎప్పుడు ఎక్కడ తొడిగారో చెబుతారు, పక్షులు ఎన్నేళ్లు బతుకుతున్నాయో వాళ్లకి లెక్క దొరుకుతుంది. ఆ లెక్కలు చూసుకునే ఏటా సీజన్ పొడవు, రోజుకి ఎన్ని అన్నది మారుస్తారు.

వేట నాకు నచ్చలేదు. కాల్చవచ్చన్న పక్షుల్లో పుకేకో అని ఒకటుంది, మన కొల్లేటి నీలి బొల్లికోడికి దగ్గర చుట్టం. దాన్ని చూసి ప్రాణం ఉసూరుమంది. పైగా ఈ ఏర్పాటులో ఒక మెలిక ఉంది. డబ్బు కట్టేవాడు తనకిష్టమైనదాన్నే కాపాడుకుంటాడు. ట్రౌట్ పరాయి చేప, మల్లార్డ్ పరాయి బాతు. ఆ దేశపు సొంత చిన్న చేపలు గలాక్సియిడ్‌లని ట్రౌట్ తినేస్తుంది, సొంత బూడిదరంగు బాతు మల్లార్డ్‌తో కలిసిపోయి కనుమరుగవుతోంది. ఈ మాట అంటే పెద్దాయన కాదనలేదు, "మేం ఫీజు కట్టకపోతే ఆ చెరువు కూడా ఉండేది కాదు" అని మాత్రం అన్నాడు.

నాకు మాత్రం ఆ కౌన్సిల్ ఓటు మీదే మనసు ఉండిపోయింది. కొల్లేరుని 1999లో అభయారణ్యం అన్నారు, 2006లో చేపల చెరువుల గట్లు తెంచారు. పక్షులకి అది అవసరమేనని నేనూ అంటాను. కానీ సరస్సు మీద బతికేవాళ్లని ఏ బల్ల దగ్గర ఎవరు కూర్చోబెట్టారు? సౌత్‌లాండ్‌లో గాలం సరదాగాళ్లకి ఓటు ఉంది, కొల్లేట్లో వల వేసి బతికేవాడికి లేదు.

వెళ్లాలనుకునేవాళ్లకి రెండు మాటలు. ట్రౌట్ కోసమైతే వేసవిలో, అంటే డిసెంబరు నుంచి మార్చి లోపల వెళ్లండి. మే మొదటి వారాంతం అయితే గోర్‌లో రూం ముందే బుక్ చేసుకోండి. వాడిన గాలం సామాను, బూట్లు తీసుకెళ్తే శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, ఆ దేశంలో దిగేటప్పుడు ఇచ్చే డిక్లరేషన్‌లో తప్పకుండా రాయండి. చింతపండు కూడా రాయండి.