ఇంజిన్ ఆగితే ఏ చేలో దిగాలి?

నల్గొండ జిల్లాలోని మా హాలియా వైపు చాలామంది, ఇంజిన్ ఆగితే చిన్న విమానం రాయిలా పడిపోతుందనే అనుకుంటారు. అలా పడదు. నేను నేర్చుకుంటున్న సెస్నా 152 వేగాన్ని 60 నాట్ల (గంటకు దాదాపు 110 కిలోమీటర్ల) దగ్గర నిలబెడితే, గాలి లేని రోజున 3,000 అడుగుల ఎత్తు నుంచి దాదాపు 8 కిలోమీటర్లు జారుతూ వెళ్తుంది. దిగే నేలను ఆలోపే ఎంచుకోవాలి.

ఇంజిన్ ఆగగానే పెట్రోలు వాల్వు, మిక్స్చర్ (పెట్రోలు, గాలి పాళ్లు సరిచేసే మీట), మాగ్నెటో (ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించేది) చూసుకోవడం, కార్బురేటర్ హీట్ (పెట్రోలు గాలితో కలిసే కార్బురేటర్‌లోకి వేడి గాలి పంపే మీట) లాగడం చేతులకు అలవాటవుతాయి. తేమ ఉంటే 25 డిగ్రీల ఎండలో కూడా కార్బురేటర్‌లో మంచు కడుతుంది కాబట్టి ఆ హీట్ ముఖ్యం. నేల సంగతి మాత్రం పుస్తకంలో ఒక పేజీయే.

అందుకే పైనుంచి తీసిన ఫొటో ఒకటి నాన్నకు చూపించాను. 2022 ఫిబ్రవరిలో పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర శిక్షణ విమానం కూలి, శిక్షణలో ఉన్న ఒక అమ్మాయి చనిపోయింది. అప్పటి నుంచి నా చదువు మాట వస్తే ఆయన మౌనంగా ఉండేవారు. ఆ రోజు కళ్లజోడు పెట్టుకుని, ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేసి చూశారు.

"ఇది వరి కోసిన మడి. చదునుగా ఉంది కానీ మడి మడికీ ఒడ్డుంది, చక్రం తగిలితే బోల్తాయే. ఈ పచ్చది కాలువ కింద నాటు, అంతా బురద. ఇది బత్తాయి తోట. ఇక్కడ పత్తి కట్టె ఇంకా పీకలేదు." చివరికి ఒక ఎర్ర చెలక (మెట్ట చేను) మీద వేలు పెట్టారు. "ఇక్కడ దిగు బిడ్డా. సాళ్ల వెంబడే దిగు. అడ్డంగా తోలితే ట్రాక్టరే ఎగిరెగిరి పడుతుంది."

సాళ్ల వెంబడే దిగాలని మా బోధకుడు కూడా చెప్తారు. చెలక మూలనున్న చిన్న గదిని చూపించి నాన్న ఇంకో మాటన్నారు: "అది బోరు మోటారు గది. బోరుందంటే కరెంటు తీగ ఉన్నట్టే." పైనుంచి తీగలు కనపడవు, స్తంభాలు కూడా ఆలస్యంగా కనపడతాయి. ఇప్పుడు నేను ముందు మోటారు గదుల కోసమే వెతుకుతున్నాను.

దిగే ముందు తలుపుల గొళ్లెం తీసి ఉంచాలని ఆయనకు చెప్పాను. చట్రం వంగితే తలుపులు బిగుసుకుపోతాయి, లోపలివాళ్లు బయటికి రాలేరు. అది విని చాలాసేపు ప్రశ్నలు అడిగారు.

శిక్షణ ఇచ్చే ప్రతిచోటా, విద్యార్థులు ఎగిరే ప్రాంతంలోని చేలల్లో వాళ్లను ఒక రైతు వెంట ఒక పూట నడిపించాలి. కోతలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. మా బోధకుడిని అడిగాను, సరేనన్నారు. నాన్న కూడా వస్తానన్నారు.