నేను ఆగాను: కోర్టుకి వెళ్ళకుండా టికెట్ కొట్టేయించుకున్న అనుభవం

స్టాప్ సైన్ దగ్గర కారు ఆపలేదని కాలిఫోర్నియాలో పోలీసు ఆఫీసర్ నాకు ట్రాఫిక్ టికెట్ ఇచ్చారు. నేను ఆగాను. ఆఫీసర్‌కి రెండుసార్లు చెప్పినా వినలేదు. కాగితం మీద సంతకం పెట్టాలంటే చెయ్యి రాలేదు. తర్వాత తెలిసింది, ఆ సంతకం తప్పు ఒప్పుకున్నట్టు కాదట, గడువులోగా కేసు సంగతి చూసుకుంటానని ఇచ్చే మాట మాత్రమే.

కోర్టు నుంచి 238 డాలర్లకి నోటీసు వచ్చింది. "కట్టేసి ట్రాఫిక్ స్కూల్ కోర్సు చేసెయ్, డ్రైవింగ్ రికార్డులో పడే పాయింట్ ఇన్సూరెన్స్ వాళ్ళకి కనపడదు" అన్నారు మా ఆయన. చెయ్యని తప్పుకి ఎందుకు కట్టాలని నా పట్టుదల. కానీ సెలవు పెట్టి కోర్టుకి వెళ్ళే వీలు లేదు.

వెతికితే దారి దొరికింది. అక్కడి వెహికల్ కోడ్ 40902 సెక్షన్ కింద, ఇలాంటి చిన్న కేసుల్లో మన వాదన రాసి పంపొచ్చు. ఫారం టీఆర్-205. జరిమానా మొత్తం ముందే డిపాజిట్ చెయ్యాలి, గెలిస్తే వెనక్కిస్తారు. ఆఫీసర్‌ని కూడా రాసి పంపమంటారు. జడ్జి అన్నీ చూసి, తీర్పు పోస్టులో పంపుతారు.

మొదట మూడు పేజీలు రాశాను. ఇన్నేళ్ళలో ఒక్క టికెట్ లేదని, ఆ రోజు ఎంత టెన్షన్‌లో ఉన్నానో, అన్నీ. రాత్రి మళ్ళీ చదివితే బతిమాలడం తప్ప, నేను ఆగానని చూపించే ముక్క ఒక్కటీ లేదు. చింపేశాను.

శనివారం పొద్దున్నే ఆ కూడలికి వెళ్ళాను. సెక్షన్ 22450 ప్రకారం, రోడ్డు మీద లిమిట్ లైన్, అంటే ఆగాల్సిన చోట వేసే తెల్లగీత, ఉంటే దాని దగ్గర ఆగాలి. నేను ఆగింది అక్కడే. ఆ రోజు పోలీసు కారు పక్క వీధిలో ఉంది. అదే చోట నా కారు ఆపి, సీట్లో కూర్చునే ఫోటో తీశాను. మూల ఇంటి ముందు గుబురుగా పెరిగిన పొద అడ్డొచ్చి తెల్లగీత అసలు కనపడలేదు. కార్లు గీత దాటి ముందుకొచ్చాకే కళ్ళబడుతున్నాయి. అంటే ఆ ఆఫీసర్ చూసింది నేను ఆగి మళ్ళీ కదిలాక. ఆయన అబద్ధమాడారని నేను ఇప్పటికీ అనుకోను.

ఈసారి ఒక్క పేజీ చాలింది. ఎక్కడ ఆగాను, ఆయన ఎక్కడున్నారు, మధ్యలో ఏముంది. నాలుగు ఫోటోలకి నంబర్లు వేసి, చేత్తో గీసిన పటం జతచేశాను. అబద్ధం రాస్తే శిక్షార్హమని తెలిసే సంతకం పెడుతున్నామని ఫారంలోనే ఉంటుంది, కాబట్టి ప్రతి వాక్యం రెండుసార్లు సరిచూసుకున్నాను. అన్నింటికీ కాపీలు ఉంచుకుని, గడువుకి వారం ముందే సర్టిఫైడ్ మెయిల్‌లో పంపాను. ఓడిపోతే, తీర్పు పోస్టు చేసిన రోజు నుంచి 20 రోజుల్లోగా టీఆర్-220 ఇచ్చి కొత్త విచారణ అడగొచ్చు. ఆ ఫారం కూడా ప్రింట్ తీసి పెట్టుకున్నాను.

అవసరం పడలేదు. వారాల తర్వాత వచ్చిన కవరు నిలబడే చింపాను. నాట్ గిల్టీ. ఏమీ అనకుండా మా ఆయన చేతికిచ్చాను. 238 డాలర్ల చెక్కు తర్వాత విడిగా వచ్చింది.